కత్తికి పెట్టిన బొట్టు

"ఆరింటికి కాదు ఆంటీ, ఆరూ పదికి," అన్నాడు సాయి తేజ. "నిన్న సాయంత్రం ఆరూ పదికి ఆఖరి చుక్క అయిపోయి ఉంటుంది. బుధవారం పొద్దున్న నేనే నింపాను. గంటకి ఎంత వెళ్తుందో నాకు తెలుసు."

అతని భార్య కావ్యశ్రీ నడుముకి పెట్టుకునే ఇన్సులిన్ పంపు గురించి చెబుతున్నాడు. ఆమెకి ఇరవై ఏడేళ్ళు. తొమ్మిదో ఏటి నుంచి ఆమె ఒంట్లో ఇన్సులిన్ సొంతంగా తయారవదు. నిన్న, శుక్రవారం మధ్యాహ్నం, న్యూ లిన్‌లో తను కేరర్‌గా పనిచేస్తూ చూసుకునే వృద్ధురాలు మిసెస్ లిమ్ ఇంట్లోంచి మాయమైంది. ఫోను ఆ ఇంటి సోఫా మీదే దొరికింది.

ఇప్పుడు శనివారం పదకొండూ ఐదు. పంపు ఖాళీ అయి పదిహేడు గంటలు కావస్తోంది. ముందు దాహం, తర్వాత వాంతులు, తర్వాత మత్తు. ఆ మత్తులోంచి మనిషిని వెనక్కి తేవడానికి ఒక హద్దు ఉంటుంది. ఆ హద్దు ఈ సాయంత్రంలోపే ఎక్కడో ఉంది. పోలీసులకి నిన్న రాత్రే ఫిర్యాదు అందింది. వాళ్ళు స్టేషన్లలో, బస్సుల్లో కెమెరాలు చూస్తున్నారు. అది చాలదని ఇతను పొద్దున్న ఏడింటికి నా తలుపు కొట్టాడు.

మిసెస్ లిమ్ ఇంటి ముందు, అతని కారులో కూర్చుని ఉన్నాం. అతని ఒళ్ళో నీలం రంగు చిల్లీ బిన్. మామూలుగా బీచికి కూల్‌డ్రింకులు పట్టుకెళ్ళే డబ్బా. అందులో ఐసు మధ్య ఇన్సులిన్ ఉంది. ఊలు టోపీ కనుబొమల దాకా లాక్కున్నాడు. వెలుతురు పడితే కళ్ళు చిట్లిస్తున్నాడు. రాత్రంతా నిద్రలేదని చెప్పాడు.

"నిన్న రెండు నుంచి ఐదు దాకా ఎక్కడున్నావు?"

"ఇంట్లోనే. వర్క్ ఫ్రమ్ హోమ్."

"ఈ ఇంట్లోకి ఎప్పుడైనా వెళ్ళావా?"

"లేదాంటీ. గుమ్మం దగ్గర దింపుతాను, గుమ్మం దగ్గరే ఎక్కించుకుంటాను. అక్కణ్ణించి వాళ్ళ దేవుడు కనిపిస్తాడు, అంతే. ఆ ముసలావిడకి కొత్తవాళ్ళు పడరట."

"మీ ఇద్దరికీ ఏమైనా గొడవ?"

స్టీరింగు మీద తల ఆనించి ఏడ్చాడు. భుజాలు కదిలాయి. చొక్కా చేతికి ముక్కు తుడుచుకున్నాడు.

పామర్‌స్టన్ నార్త్ ఆసుపత్రిలో పద్నాలుగేళ్ళు సైకాలజిస్టుగా పనిచేశాను. డిటెక్టివ్ లైసెన్సు తీసుకుని ఐదేళ్ళే అయింది. దొంగ ఏడుపు ఎక్కడ మొదలవుతుందో నాకు తెలుసు. గొంతులో మొదలవుతుంది. ఇతనిది కడుపులో మొదలైంది. ఇది నిజమైన ఏడుపే.

"ఆ డబ్బా నాకివ్వు బాబూ. ముందు నాకు దొరికితే క్షణం ఆలస్యం కాకూడదు."

"నా దగ్గరే ఉండనివ్వండి." డబ్బాని రెండు చేతులా పొదువుకున్నాడు. "ఎంత ఎక్కించాలో నాకే తెలుసు. ఎక్కడుందో తెలిస్తే ముందు నాకు చెప్పండి ఆంటీ. పోలీసులకి చెప్పినా, ముందు నాకు."

సరే అన్నాను. ఆ పూట నేను చేసిన మొదటి తప్పు అదే. భార్య ఒంట్లో మందు ఏ నిమిషానికి అయిపోతుందో చెప్పగలిగే మగవాణ్ణి చూసి మనసులో మెచ్చుకున్నాను. మనవాళ్ళలో అలాంటివాళ్ళు అరుదు మరి.

*

మిసెస్ లిమ్ వంటింటి బల్ల దగ్గర అభినయ్ అప్పటికే లాప్‌టాప్ తెరుచుకుని కూర్చున్నాడు. మూడేళ్ళ క్రితం నా దగ్గర ఎనిమిది నెలలు పని నేర్చుకున్నాడు. ఇప్పుడు పెద్ద ఏజెన్సీలో ఉన్నాడు. కావ్యశ్రీని ఈ ఇంటికి పంపిన కేర్ కంపెనీ అతన్ని పెట్టుకుంది. వాళ్ళకి కావలసింది కావ్యశ్రీ కాదు. డ్యూటీ మధ్యలో ఆమె తన ఇష్టంతోనే వెళ్ళిపోయిందని ఒక రిపోర్టు.

"రండి మేడమ్. టీ తాగుతారా? కేసు అయిపోయింది, తీరిగ్గా తాగొచ్చు."

"అయిపోయిందా?"

"నిన్న రెండూ నలభైకి యాప్‌లో ఆమె ఆఖరి ఎంట్రీ, 'క్లయింట్ నిద్రపోతున్నారు' అని. మూడూ ఐదుకి ఎదురింటి డోర్ కెమెరాలో ఇది." లాప్‌టాప్ నా వైపు తిప్పాడు. "చూడండి. ఒంటరిగా. చేతిలో బ్యాగు. వెనక ఎవరూ లేరు. ఐదున్నరకి సాయంత్రం కేరర్ వచ్చేసరికి ఇంట్లో ఒక్క వస్తువు అటూ ఇటూ కాలేదు. భర్తని వదిలేసి పోయింది మేడమ్. దీనికి డిటెక్టివ్ ఎందుకు? కావాల్సింది లాయరు."

"ఇన్సులిన్ లేకుండా పోయిందా?"

"ఎక్కడో కొనుక్కుంటుంది."

"ప్రిస్క్రిప్షన్ లేకుండా?"

"అబ్బా, మీరింకా అలాగే ఉన్నారు," అన్నాడు. "ఎనిమిది నెలలు మీ దగ్గర నేను నేర్చుకుందేమిటో తెలుసా? ఎదుటివాడు కాఫీలో చక్కెర ఎందుకు వేసుకోలేదో అరగంట ఆలోచించడం."

"నువ్వది నేర్చుకోలేదు. అందుకే పంపించేశాను."

అతని మెడ ఎర్రబడింది. నేను వీడియో మళ్ళీ పెట్టించాను. పదకొండు సెకన్లు. కావ్యశ్రీ గుండ్రటి ముఖం, నీలం యూనిఫాం. గేటు తీసుకుని బయటికి వస్తోంది. మళ్ళీ పెట్టించాను.

"బ్యాగులో ఏముంది అభినయ్?"

"బట్టలు."

"బట్టలున్న బ్యాగు భుజానికి తగిలించుకుంటారు. ఈ పిల్ల రెండు చేతులా గుండెకి హత్తుకుంది. నడుము వెనక్కి వంచి నడుస్తోంది. లోపలి వస్తువు పొట్టిది, బరువైనది. ఆరేడు కిలోలుంటుంది. ఈ ఇంట్లో అంత చిన్న వస్తువు అంత బరువు ఏదుంది?"

ఇద్దరం ఒకేసారి హాల్లోకి చూశాం. గుమ్మానికి ఎదురుగా, ఎత్తు బల్ల మీద, అడుగున్నర ఇత్తడి విగ్రహం నిలబడి ఉంది. కవచం, నాభి దాకా గడ్డం, కుడిచేతిలో పొడవాటి కర్రకి బిగించిన వెడల్పాటి కత్తి. గువాన్ గాంగ్. ఎప్పుడో సేనాపతి. మాట తప్పలేదని చచ్చిపోయాక చైనావాళ్ళు దేవుణ్ణి చేసుకున్నారు.

"అది అక్కడే ఉంది మేడమ్," అన్నాడు అభినయ్ నవ్వుతూ.

"అదే నాకర్థం కావడం లేదు."

బల్ల దగ్గరికి వెళ్ళాను. విగ్రహం పాదాల ముందు అగరొత్తుల గిన్నె, పక్కన ప్లాస్టిక్ కుంకుమ డబ్బీ. పసుపుపచ్చ గుడ్డ మీద నిలబెట్టారు. నుదుటి మధ్య ఎర్రటి బొట్టు. నేను బొట్టుని ముట్టుకోలేదు. వీపు మీద కవచం మడతల్లోకి టార్చి వేశాను. శుభ్రంగా ఉంది. దుమ్ము లేదు, పొగ మసి లేదు. గోటితో అడుగున గీశాను. ఉల్లిపొర లాంటి పారదర్శకమైన పూత లేచి వచ్చింది.

అలంకారానికి అమ్మే ఇత్తడి బొమ్మలకి మెరుపు పోకుండా షాపువాళ్ళే ఆ పూత వేస్తారు.

వంటింట్లోకి తిరిగి వెళ్ళి సింకు కింద తలుపు తెరిచాను. నేను వెతుకుతున్నది రెండో అరలో దొరికింది. ఎండిపోయిన చింతపండు గుజ్జు ఉన్న ఐస్‌క్రీం డబ్బా, అందులో ఆకుపచ్చ పట్టిన పీచు.

"ఇది ఎవరిదంటావు? మిసెస్ లిమ్ పులుసు పెట్టుకోదు కదా."

అభినయ్ డబ్బా అందుకుని వాసన చూశాడు.

"కావ్యశ్రీ ఆ విగ్రహాన్ని చింతపండుతో తోముతోంది. ఈ డబ్బా చూస్తే నెలల తరబడి. అలా తోమితే పూత నాలుగు వారాలు కూడా ఉండదు. అక్కడున్న దానికి పూత చెక్కుచెదరలేదు. గుడ్డ చూడు. పాత పీట ఒత్తుకుని గుండ్రంగా గుంట పడింది. ఈ పీట ఆ గుంటకంటే వేలెడు చిన్నది. కావ్యశ్రీ అసలు విగ్రహాన్ని పట్టుకెళ్ళింది. ఎవరో అలాంటిదే ఇంకొకటి తెచ్చి పెట్టారు. మూడూ ఐదుకీ ఐదున్నరకీ మధ్య."

"ఎందుకు?"

"ఈ గదిలో ఏమీ జరగలేదని అనిపించడానికి."

*

మిసెస్ లిమ్‌కి ఎనభై రెండు. కిటికీ పక్క కుర్చీలో, మోకాళ్ళ మీద దుప్పటి కప్పుకుని కూర్చుంది. ఆమె మాట్లాడేది పొడి పొడి ఇంగ్లీషు. గతం, వర్తమానం ఆమెకి ఒకే గదిలో ఉంటాయి. పొద్దుటి నుంచి కావ్య ఎక్కడ అని అడిగిన ప్రతివాళ్ళకీ "పనిలో ఉంది" అని ఒకటే జవాబు చెప్పింది. నిన్న సాయంత్రం వచ్చిన కేరర్ డ్యూటీ పుస్తకంలో మూడు వాక్యాలు రాసి వెళ్ళింది. 'ఆరింటికి అగరొత్తులు ఇస్తే క్లయింట్ విసిరేశారు. దేవుడు ఇంట్లో లేడంటున్నారు. గందరగోళం ఎక్కువైంది.'

"మతిమరుపు," అన్నాడు అభినయ్ నా వెనక నుంచి.

నేను నేల మీద, ఆమె పాదాల దగ్గర కూర్చున్నాను. మతి తప్పుతున్న మనసుని ప్రశ్నతో తడితే తెరుచుకోదు. దానికి ఒక వస్తువు కావాలి, చేత్తో పట్టుకునేది. కుంకుమ డబ్బీ ఆమె అరచేతిలో పెట్టాను.

ఆమె మూత తీసి వాసన చూసింది. నవ్వింది.

"ముఖానికి వద్దన్నాను," అంది. "మొదటి రోజు అడిగింది. ముఖం గురువు తెరిచాడు, ఎర్ర సిరాతో, కళ్ళు రెండూ. ఎవరూ ముట్టుకోకూడదు. పిల్ల ఆలోచించింది. మా దేశంలో కత్తికి కూడా పెడతాం అంది. పెట్టుకో అన్నాను. ప్రతి శుక్రవారం కత్తికి."

"ఇక్కడున్న దేవుడికి?"

"అతనెవరో నాకు తెలియదు. కళ్ళు తెరవలేదు. ఖాళీ." ప్రాణప్రతిష్ఠ జరగని బొమ్మ అంటోంది.

నేను లేచి మళ్ళీ బల్ల దగ్గరికి వెళ్ళాను. గుడ్డ మీద, కత్తి మొన కింద సరిగ్గా, కుంకుమ రాలి రాలి ఇంకిపోయిన మరక ఉంది. విగ్రహం ముఖం కింద ఏమీ లేదు. ఇప్పుడున్న కత్తికి ఎరుపు అంటనేలేదు. నుదుటి బొట్టు మాత్రం నిండుగా, తాజాగా ఉంది.

"అభినయ్, ఇది పెట్టింది కావ్య కాదు. మొదటి నుంచీ ఆమె పెట్టేది కత్తికి. బొమ్మని మార్చిన మనిషికి దేవుడి దగ్గర ఎర్రచుక్క ఉంటుందని తెలుసు. దూరం నుంచి చూశాడు, లేదా విన్నాడు. ఎక్కడుంటుందో అతనికి అనుమానమే రాలేదు. కొత్త బొమ్మని నిలబెట్టాడు, డబ్బీ తెరిచాడు, చెయ్యి దానంతటదే నుదుటికి వెళ్ళిపోయింది. చిన్నప్పటి నుంచి ఆ చెయ్యికి ఇంకో దారి తెలియదు."

"అంటే తెలుగువాడా? గుజరాతీవాళ్ళు పెట్టరా? తమిళులు పెట్టరా? నేనూ పెడతాను మేడమ్, నన్నూ అనుమానించండి."

"నువ్వు ఈ ఇంటికి ఎప్పుడొచ్చావు?"

"ఇవాళ తొమ్మిదికి."

"దేవుడు లేడని ఆమె నిన్న ఆరింటికే చెప్పింది. ఈ గుమ్మం దాకా వచ్చే మనవాళ్ళు ఎంతమంది? కావ్య కాక ఒక్కడే."

అభినయ్ నా వైపు జాలిగా చూశాడు. ఆ జాలి నాకు కోపంకంటే ఎక్కువ తగిలింది.

"వాడు పొద్దుటి నుంచి కారు పక్కన రెండుసార్లు వాంతి చేసుకున్నాడు మేడమ్. నేను నీళ్ళిచ్చాను. అంత నరకంలో ఉన్నవాణ్ణా మీరు అనేది? మీకు ప్రతి మొగుడిలోనూ ఒక కేసు కనిపిస్తుంది. అందుకే మీరు ఒక్కరే ఉంటారు." అనేశాక తనే తడబడ్డాడు. "సారీ. కానీ ఇది బొట్టు. దీంతో మనిషిని పట్టుకోలేరు." ఫోను మోగితే తీసుకుని వరండాలోకి వెళ్ళాడు.

వాంతులు. వెలుతురు పడని కళ్ళు. మే నెలలో ఇక్కడ చలే కానీ, హీటరు వేసిన కారులో కూడా తియ్యని ఊలు టోపీ. నా ఎదురుగానే ఉన్నాయి మూడూ. దుఃఖం అని పేరు పెట్టి పక్కన పడేశాను. తలకి దెబ్బ తగిలినవాడు కూడా ఇలాగే ఉంటాడని ఆసుపత్రిలో ఎన్నిసార్లు రాసి ఉంటానో. అతని ఏడుపు నిజమా కాదా అని మాత్రమే చూశాను. నిజమైతే చాలనుకున్నాను. ఎందుకు ఏడుస్తున్నాడని అడగలేదు. కావలసిన మనిషి చేతికి దొరక్కపోతే భయంతో కూడా కడుపులోంచే ఏడుస్తారు.

మిసెస్ లిమ్ దగ్గరికి పరిగెత్తి మోకాళ్ళ మీద కూర్చున్నాను.

"నిన్న ఇక్కడికి ఒక మగమనిషి వచ్చాడు. ఎదురింటి కెమెరాకి పడకుండా, వెనక తలుపులోంచి. అవునా?"

ఆమె డబ్బీ మూత తిప్పుతూ ఉంది. చాలాసేపు తిప్పింది. గడియారం పదకొండూ నలభై ఒకటి. నేను తొందరపెట్టలేదు. ఆ నిమిషం నిడివి నాకు తెలుసు. అది కావ్య శరీరంలో కరిగిపోతున్న నిమిషం.

"నిద్రలేచాను," అంది చివరికి. "అరుపులు. అతను చిన్న పెట్టె పైకెత్తి పట్టుకున్నాడు. ఇలాగ." బలహీనమైన చెయ్యి తల పైకి లేచింది. అది ఇన్సులిన్ పెట్టె అయ్యుండాలి. "పిల్ల అందుకోవడానికి ఎగురుతోంది. చిన్నపిల్లలతో ఆడినట్టు. కానీ అతను నవ్వడం లేదు. పిల్ల ఏడుస్తోంది. ఇంకో చేత్తో జుట్టు పట్టుకున్నాడు. అప్పుడు పిల్ల దేవుణ్ణి తీసుకుంది."

"కొట్టిందా?"

"ఒక్కసారి. అతను పడిపోయాడు. లేవలేదు. చంపేశానంది. నేను చెప్పాను. గువాన్ గాంగ్‌ని తీసుకుపో, ఆయన ఆడపిల్లకి అన్యాయం జరగనివ్వడు. షాపుకి పో. తాళంచెవి ఆయన కడుపులో ఉంటుంది."

"ఏ షాపు?"

"మా షాపు. ఫిష్ అండ్ చిప్స్." ఆమెకి నా అజ్ఞానం వింతగా అనిపించింది. "వెనక వీధి, రైలు పట్టాల పక్కన. మా ఆయన పోయాక మూసేశాం. పిల్ల అక్కడే పనిలో ఉంది. అందరికీ చెబుతూనే ఉన్నాను."

గుమ్మంలో అభినయ్ నిలబడి ఉన్నాడు. ఎప్పుడు వచ్చాడో, ఎంత విన్నాడో నేను చూడలేదు. అప్పటికే ఎమర్జెన్సీ నంబరు నూట పదకొండుకి ఫోను చేస్తూ వంటింట్లోకి నడిచాను. పాత షాపు, పట్టాల పక్కన, ఇరవై ఏడేళ్ళ స్త్రీ, ఇన్సులిన్ లేదు, పోలీసులు కూడా కావాలి, ఆమె భర్త వల్ల ప్రమాదం. అవతలి గొంతు నిదానంగా అన్నీ తిరిగి చెప్పింది. అంబులెన్సు పది నిమిషాలంది.

హాల్లోకి వచ్చేసరికి అభినయ్ ముందు తలుపులోంచి లోపలికి వస్తున్నాడు. ముఖం వెలిగిపోతోంది.

"అందరూ మతిమరుపు అన్నారు. ముసలావిడ కరెక్టే చెప్పింది మేడమ్! షాపు పేరు మ్యాపులో కూడా ఉంది. చెప్పేశాను."

"ఎవరికి?"

"సాయి తేజకి. ఇంకెవరికి? నా చెయ్యి పట్టుకుని ఏడ్చాడు పాపం. ఇన్సులిన్ అతని దగ్గరే కదా ఉంది."

వీధిలో కారు స్టార్టయిన చప్పుడు వినబడింది.

"ఆవిడ ముందు చెప్పింది విన్నావా? నేలమీద పడ్డ మనిషి గురించి?"

"లేదు. షాపు దగ్గర్నించి..." అతని కళ్ళు నా ముఖం మీద ఆగిపోయాయి. నవ్వు అలాగే ఉండిపోయింది. దాన్ని తియ్యడం అతను మరిచిపోయాడు. "మేడమ్, నేను..."

"కారు తీసుకుని వెళ్ళి అతనికి అడ్డం పెట్టు. గుద్దినా ఫర్వాలేదు. వెళ్ళు!"

కారులో అయితే రైలు గేటు చుట్టి రావాలి. నేను వెనక తలుపులోంచి, కంచె సందులోంచి, పట్టాల పక్క కాలిబాట మీద పరిగెత్తాను. యాభై మూడేళ్ళ మోకాళ్ళు. ఎక్కడో గేటు పడుతున్న గంట మోగింది. జీవితంలో మొదటిసారి ఒక రైలు ఆలస్యంగా, నెమ్మదిగా, ఎన్నో పెట్టెలతో రావాలని కోరుకున్నాను.

*

షాపు ముందు ఇనప షట్టరు తుప్పు పట్టి ఉంది. పక్క సందులో చెక్క తలుపు, మధ్యలో ఉత్తరాలు వేసే ఇత్తడి సందు. మోకాళ్ళ మీద పడి ఆ సందు రేకు ఎత్తాను. లోపలి నుంచి పాత నూనె కంపు, దాని మీదుగా మాగిపోయిన ఆపిల్ లాంటి తియ్యటి వాసన వచ్చింది. షుగరు ముదిరిన మనిషి ఊపిరికి ఆ వాసన ఉంటుంది. ఊపిరి ఉంది.

"కావ్యా! కావ్యశ్రీ!"

ఏదో నేలకి రాసుకుంటూ కదిలింది.

"ఎవరు?" గొంతు కాదు, పెదాలు మాత్రమే.

"నా పేరు వేదవతి. నిన్ను వెతుకుతున్నాను. అంబులెన్సు వస్తోందమ్మా."

"వద్దు." ఊపిరికీ ఊపిరికీ మధ్య మాటలు పొడిపొడిగా రాలుతున్నాయి. "అంబులెన్సు వద్దు ఆంటీ. నేను... మా ఆయన్ని... దేవుడితో కొట్టాను. చచ్చిపోయాడు. నాకిది సరిపోతుంది. రాత్రి బాగా దాహమేసింది. వెయ్యనీ అనుకున్నాను."

ఇరవై గంటలుగా ఆ పిల్ల తనకి తానే శిక్ష వేసుకుని, దాన్ని తనే అమలు చేసుకుంటోంది. ఆ శిక్షని రద్దు చెయ్యడానికి నా దగ్గర ఒక్క వాక్యమే ఉంది. ఆ వాక్యమే ఆమెకి ఇంకో భయం. చెప్పక తప్పదు.

"నువ్వెవర్నీ చంపలేదు కావ్యా. సాయి తేజ లేచాడు. బతికే ఉన్నాడు."

ఏమీ వినబడలేదు. ఊపిరి కూడా ఆగినట్టయింది. ఆసుపత్రిలో ఇలాంటి నిశ్శబ్దాలు విన్నాను. వాటి తర్వాత ఏం వస్తుందో ఒక్కసారి కూడా ముందు చెప్పలేకపోయాను.

"నిజంగానా?"

"నా కళ్ళతో చూశాను."

"అయితే..." ఏడుపుకి కావలసిన నీరు ఆమె ఒంట్లో లేదు. గొంతు పొడిగా గీసుకుపోయింది. "అయితే నేను బతకొచ్చా ఆంటీ?"

"బతకాలి. పైకి లేవగలవా? గడియ అందుతుందా?"

"అందుతుంది. వస్తున్నా." మోచేతుల మీద పాకుతున్న చప్పుడు. ఒక అడుగు. ఆగింది. మళ్ళీ ఒక అడుగు. తలుపు కిందిభాగానికి ఆమె తల తగిలింది. గడియ కదిలింది.

సందు మొదట్లో కారు ఆగింది. అభినయ్‌ది కాదు.

సాయి తేజ దిగాడు. చిల్లీ బిన్ కారులోనే వదిలేశాడు. కుడిచేతిలో ఇన్సులిన్ పెన్ను మాత్రం ఉంది. సూది మూత అప్పటికే తీసేశాడు. నడుస్తూనే పెన్ను చివర, మోతాదు పెంచే బిరడా తిప్పుతున్నాడు. టక్, టక్, టక్. అది ఇక తిరగని చోటు దాకా తిప్పాడు. నేను లెక్కపెట్టలేదు. లెక్కపెట్టక్కర్లేదు. ఇన్సులిన్ అందకపోతే మనిషి చావడానికి రోజు పడుతుంది. ఎక్కువైతే ఒక్క గంట చాలు. ఎవరైనా అడిగితే, పాపం, కంగారులో మోతాదు తప్పాడంటారు. నేను కూడా, ఇవాళ పొద్దున్న అయితే, అదే అనేదాన్ని.

"దొరికిందా ఆంటీ?" బుగ్గల మీద కన్నీళ్ళు కారుతున్నాయి. ఇప్పుడు కూడా అవి నిజమైనవే. "జరగండి. ఆలస్యం చెయ్యకూడదు."

"పెన్ను నాకివ్వు."

"నా చేత్తోనే ఇవ్వాలి. మీకు తెలియదు. మూడేళ్ళుగా నేనే ఇస్తున్నాను."

తలుపు వెనక ఆ గొంతు ఆమె విని ఉంటుంది. గడియ సగంలో ఆగిపోయింది. ఇంకా మూసుకోలేదు. ఆమె వేళ్ళలో మిగిలిన బలం ఎటు వెళ్ళాలో తేల్చుకోలేకపోతోంది.

నేను లేవలేదు. తలుపుకి వీపు ఆనించి, కాళ్ళు సందుకి అడ్డంగా చాచి, తల పక్కకి తిప్పి ఉత్తరాల సందులోకి చెప్పాను.

"గడియ వెయ్యి కావ్యా. సైరన్ వినబడి, ఈ తలుపు వాళ్ళు పగలగొట్టేదాకా తియ్యకు. ఎవరు పిలిచినా సరే. కాసేపట్లో నేనే పిలిచినా సరే."

నా వీపు వెనక ఇనుము ఇనుములోకి జరిగి కూర్చుంది. సాయి తేజ ఆ చప్పుడు విన్నాడు. ఏడుపు ఆపాడు.